లయ తప్పినవారికి మెమో

మా కేంద్రంలో రెండు గాజు గొట్టాలు ఒకే లయలో వెలిగి తగ్గడం పై అధికారుల దృష్టిలో పడింది ఒక బుధవారం నాడు. ఆ రోజు నేను సెలవులో ఉన్నాను, కాబట్టి అందులో నా ప్రమేయం ఏమీ లేదు. ఆ తరవాత వెలువడిన పదకొండు సర్క్యులర్లలో మాత్రం ఉంది. అన్నీ డ్రాఫ్టు చేసింది నేనే.

నా పేరు భానోజీరావు. విజయనగరం దాటి కొంత దూరం పోయాక జీడితోటల మధ్య ఉండే ప్రాంతీయ ప్లాస్మా అధ్యయన కేంద్రంలో పరిపాలన విభాగం సూపరింటెండెంటుని. ఇరవై మూడేళ్లపాటు రోజూ ఆ బోర్డు కిందనుంచే లోపలికి వెళ్లినా, ప్లాస్మా అంటే ఏమిటని నేనెవర్నీ అడగలేదు. పరిపాలనకి ఆ అవసరం రాలేదు. చివరికి డాక్టర్ సువర్చల గారే ఒక మధ్యాహ్నం నన్ను తన ల్యాబులో కూర్చోబెట్టి చెప్పారు.

గాజు గొట్టంలోంచి గాలి దాదాపు అంతా తోడేసి, మిగిలిన కాస్త వాయువులోంచి కరెంటు పంపిస్తే అది గులాబీ రంగులో వెలుగుతుంది. ఆ వెలిగే వాయువే ప్లాస్మా. కరెంటుని ఒక స్థాయిలో పెడితే ఆ వెలుగు నిలకడగా ఉండదు. ఎవరూ ఏమీ చెయ్యకుండానే దానంతటది పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంది, ఊపిరి తీసినట్టు. ఏ గొట్టం లయ దానిది. అలాంటి రెండు గొట్టాలని ఒక తీగతో కలిపి, మధ్యలో ఒక నాబ్ పెట్టి కొంచెం కొంచెంగా తిప్పుతూ పోతే, ఒకచోట వడిగా ఊగేది కాస్త నెమ్మదిస్తుంది, నెమ్మదిగా ఊగేది కాస్త వడి పెంచుతుంది. ఆ మీదట రెండూ కలిసి ఊగుతాయి. ఈ ఊపు కంటికి అందదు కాబట్టి ఆవిడ వెయ్యి ఊపులకి ఒక టక్కు చొప్పున స్పీకర్లో వినిపించే ఏర్పాటు చేశారు. ముందు రెండు టక్కులు వేరువేరుగా వినిపించాయి. ఆవిడ నాబ్ తిప్పారు. కాసేపటికి ఒకటే టక్కు. నాకు ఎందుకో చాలా సంతోషం కలిగింది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

ఆరేళ్లుగా ఆవిడ చేస్తున్న పని అది. ఆవిడకి ఆ గొట్టాలు ఊది ఇచ్చినవాడు గౌరునాయుడు. మంట మీద గాజుని తిప్పుతూ, నోట్లో పెట్టుకున్న సన్నటి రబ్బరు గొట్టంతో ఊది దానికి ఆకారం తెస్తాడు. ముప్పై ఎనిమిదేళ్లు ఊదాడు. ఇప్పుడు రెండు మెట్లు ఎక్కితే ఆయాసం. ఊదడం మానుకోమని డాక్టరు గట్టిగా చెప్పాడు. సెప్టెంబరు ఆఖరుకి ఎలాగూ రిటైరు. అతని తరవాత ఆ పని తెలిసినవాళ్లు మా కేంద్రంలో లేరు, పోస్టు కూడా ఉండదు.

సువర్చల గారికి మూడో గొట్టం కావాలి. రెండు కలిసి ఊగడం చాలామంది చూశారు, ఈ రకం గొట్టాలు మూడు కలిస్తే ఏమవుతుందన్నది ఆవిడ ప్రశ్న. వెళ్లేలోపు అదొక్కటీ ఊది ఇస్తానని గౌరునాయుడు మాట ఇచ్చాడు. అయితే ఊదిన గాజుని మెల్లగా చల్లార్చే పొయ్యి పాడైపోయి ఉంది. అది లేకపోతే గాజు పగిలిపోతుంది. పొయ్యి బాగు చేయించే ఫైలు జూలై మొదటివారంలో నా బల్ల మీదికి వచ్చింది. దానికి మూడు సంతకాలు కావాలి. మామూలు రోజుల్లో అయితే మూడు వారాల పని.

ఆ బుధవారం ఢిల్లీ నుంచి తనిఖీ సంఘం వచ్చింది. మా డైరెక్టరు త్రివిక్రమరావు గారు వాళ్లకి కేంద్రమంతా తిప్పి చూపించారు. సువర్చల గారి ల్యాబులో రెండు టక్కులు ఒకటవడం విన్నాక సంఘం అధ్యక్షుడు, మా ఉద్యోగులకంటే ఈ గొట్టాలకే క్రమశిక్షణ ఎక్కువ ఉన్నట్టుందే అన్నారట. ఆయన సరదాకి అన్నారని సువర్చల గారు నాతో చెప్పారు. డైరెక్టరు గారు దాన్ని సరదాగా తీసుకోలేదు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా తన గదిలో కూర్చుని, శనివారం నన్ను పిలిచి డిక్టేషన్ ఇచ్చారు.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ప్రాణము లేని వాయువులే పరస్పర సంధానము ద్వారా ఏక లయను సాధించుచుండగా, వేతనము పొందుచున్న ఉద్యోగులు తలో లయలో వర్తించుట మిక్కిలి శోచనీయము. కావున నేటినుండి కేంద్రము నందు సంపూర్ణ సమకాలీకరణ అమలుచేయబడును. లయ తప్పుటను దశాభేదముగా పరిగణించి తగు చర్య గైకొనబడును."

రెండు ఊపులు ముందువెనకలు కావడాన్ని చెప్పే దశాభేదం అనే మాట ఆయన సువర్చల గారి పరిశోధన పత్రంలోంచే తీసుకున్నారు. మా అటెండర్లలో చాలామంది దాన్ని గ్రహాల దశ అనుకున్నారు. ఒకతను పంతులు గారికి జాతకం కూడా చూపించుకుని వచ్చాడు. ఆయన ఇంకో ఏడాదిన్నర అన్నారట. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన అంచనా మరీ తప్పయ్యేలా లేదు.

మొదట్లో పెద్ద ఇబ్బంది లేదు. డైరెక్టరు గారు తప్ప మిగతా అరవై ఐదుగురం తొమ్మిదిన్నరకి సైరన్ మోగగానే ఒకేసారి గేటులోంచి లోపలికి రావాలి. గేటు ఒక స్కూటరు పట్టేంత. మొదటిరోజు మూడు చేతిగడియారాలు పగిలాయి. పదకొండూ నాలుగుకి అందరం ఒకేసారి టీ తాగాలి. క్యాంటీనులో గ్లాసులు ఇరవై రెండే ఉండటంతో, గ్లాసు దొరకని నలభై ముగ్గురం అదే సమయానికి తాగుతున్నట్టు చెయ్యి పెదాలదాకా ఎత్తి దించేవాళ్లం. నాలుగో రోజుకి అది అలవాటైపోయింది. నాకైతే టీ మీద కోరిక కూడా తగ్గింది.

మూడో సర్క్యులర్లో సంధానం వచ్చింది. గొట్టాలకి తీగ ఉంది, మనుషులకి లేదు, ఆ లోటు పూడ్చాలని డైరెక్టరు గారి ఉద్దేశం. ప్రతి ఉద్యోగికీ ఒక జంట ఉద్యోగిని కేటాయించారు. ఒకరు చేసిన పని రెండోవారూ అదే వేళకి చెయ్యాలి. ఒకరు సెలవు పెడితే ఇద్దరూ పెట్టాలి. నాకు జంటగా స్టోర్స్ చూసే ఫిలోమినా గారు వచ్చారు. నాకంటే రెండేళ్లు పెద్ద, తక్కువ మాట్లాడే మనిషి. అరవై ఐదు బేసి సంఖ్య కావడంతో చివరికి ఒకరు మిగిలారు. మిగిలింది గౌరునాయుడు. గాజు ఊదే హోదాలో ఇంకొకరు లేరు. అతన్ని రికార్డుల్లో 'ఒంటరి డోలకము', అంటే జంట లేకుండా ఊగేది, అని రాసి, సమాన హోదా గల జంట నియామకం అయ్యేవరకు ఏ పనీ చెయ్యకూడదని ఉత్తర్వు ఇచ్చాం. ఉత్తర్వు అందుకుని అతను నన్ను ఒకే ఒక మాట అడిగాడు, కూర్చోవచ్చా అని. కూర్చోవచ్చన్నాను.

జూలైలో ఫిలోమినా గారికి పిత్తాశయంలో రాళ్లు అని ఆపరేషన్ చేశారు. నిబంధన ప్రకారం నేనూ మెడికల్ లీవు పెట్టి, అదే ఆస్పత్రిలో పక్క వార్డులో చేరాను. డ్యూటీ డాక్టరమ్మ నా పొట్ట నొక్కి చూసి బాధ ఎక్కడుందని అడిగారు. బాధ లేదని, ఆర్డరు ఉందని చెప్పి కాపీ చూపించాను. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి, సెలైన్ పెట్టమంటారా అని మర్యాదగా అడిగారు. ఫిలోమినా గారి భర్త మంచివాడు. ఆవిడకి గంజి తెచ్చినప్పుడల్లా నాకూ ఒక గిన్నెడు తెచ్చేవాడు. ఆరు రోజులు గంజి తాగాను. ఆ ఆరు రోజుల్లోనే ఫిలోమినా గారూ నేనూ మొదటిసారి మనుషుల్లా మాట్లాడుకున్నాం. ఇరవై ఏళ్లుగా నేను పంపే ఇండెంట్లలో అక్షరదోషాలు ఆవిడే దిద్దుకుంటున్నారని అప్పుడు తెలిసింది.

మేం తిరిగొచ్చేసరికి ఏడో సర్క్యులర్ సిద్ధంగా ఉంది. దాని ప్రకారం ఫైలు మీద అధికారులు ఒకరి తరవాత ఒకరు సంతకం చెయ్యకూడదు. అందరూ ఒకే గదిలో, ఒకే క్షణాన చెయ్యాలి. పొయ్యి ఫైలు మీద సంతకం చెయ్యాల్సిన ముగ్గురిలో ఆర్థిక సలహాదారు విశాఖపట్నం నుంచి మంగళవారాలు వస్తారు, సాంకేతిక సభ్యుడు శుక్రవారాలు వస్తారు. సువర్చల గారు డైరెక్టరు గారి గదికి వెళ్లి, ఇలా అయితే ఆ ఫైలు ఎప్పటికీ కదలదని విన్నవించుకున్నారు. నేనూ అక్కడే ఉన్నాను.

"వరుసగా సంతకాలు అంటే ఏమిటమ్మా? ఒకరి వెనక ఒకరు. అంటే దశాభేదమే కదా," అన్నారు డైరెక్టరు గారు. "ఈ సిద్ధాంతానికి మూలపుటమ్మ మీరు. మీరే మినహాయింపు అడిగితే లోకం ఏమనుకుంటుంది?"

గౌరునాయుడు రిటైర్మెంటుకి ఇంక యాభై రోజులే ఉందని ఆవిడ చెప్పారు. కాలం అందరికీ సమానంగానే గడుస్తుందని, అందులో మాత్రం సమకాలీకరణ ముందునుంచీ ఉందని ఆయన జవాబిచ్చారు.

ఆవిడ బయటికి వచ్చి వరండాలో కాసేపు నిలబడ్డారు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. కాదు, సిగ్గుపడుతున్నారు. ఆరేళ్లు కష్టపడి తను కనుక్కున్నది ఇందుకా అని నన్నే అడిగారు. అలాంటి ప్రశ్నకి ఫార్మాట్ ఉందేమోనని పాత ఫైళ్లు తిరగేశాను.

వారం తరవాత ఆవిడ ఒక నోట్ రాసి డైరెక్టరు గారిని మళ్లీ ల్యాబుకి పిలిచారు. స్పీకర్లో ఒకటే టక్కు వినిపిస్తోంది. ఆవిడ నాబ్ ఇంకా ముందుకి తిప్పడం మొదలుపెట్టారు. సంధానం కొంచెం ఉన్నంతసేపు రెండూ కలిసి ఊగుతాయని, మరీ బిగిస్తే ఈ గొట్టాల్లో ఊపే చచ్చిపోతుందని చెబుతూ నాబ్‌ని చివరిదాకా తిప్పేశారు. టక్కులు సన్నబడి, ఆగిపోయాయి. గొట్టాలు రెండూ ఊపు లేకుండా, కదలిక లేకుండా వెలుగుతూ ఉన్నాయి. గదిలో చప్పుడు లేదు. ఈ ప్రమాదమే తన నోట్‌లో వివరించానని, మనుషుల విషయంలోనూ ఆలోచించమని ఆవిడ కోరారు.

డైరెక్టరు గారు కళ్లు మూసుకుని చాలాసేపు ఆ నిశ్శబ్దాన్ని విన్నారు. ఎంత ప్రశాంతంగా ఉందో అన్నారు. కళ్లు తెరిచి, నాబ్ ఇంకా తిరుగుతుందా అని అడిగారు.

పదకొండో సర్క్యులర్ ఆ మర్నాడే వచ్చింది. ఇకనుంచి కేంద్రంలో ఏ పనికైనా, ఏ ఉద్యోగి మీద ఏ చర్యకైనా, జాబితాలోని అరవై ఐదుగురూ ఒకేసారి సంసిద్ధులై, ఒకేసారి సంతకం చెయ్యాలి. ఆ సర్క్యులర్ మీద మాత్రం డైరెక్టరు గారు ఒక్కరే సంతకం చేశారు, మూల డోలకం హోదాలో.

దాంతో మా కేంద్రం ఆగిపోయింది. అరవై ఐదుగురిలో ఎవరో ఒకరు ఎప్పుడూ సంసిద్ధంగా ఉండరు. ఒకరికి పన్ను నొప్పి, ఒకరి బస్సు లేటు, ఒకరికి విషయం అర్థం కాలేదు. ఉత్తరాలు వచ్చేవి, విప్పడానికి సంతకాలు లేవు. ఫిర్యాదులు ఆగిపోయాయి, ఫిర్యాదు అందరూ కలిసే చెయ్యాలి కాబట్టి. మేం ఉదయం వచ్చి కూర్చునేవాళ్లం. సీలింగ్ ఫ్యాన్లు తిరిగేవి. పదో రోజుకి మా వరండాలో ఒక కుక్క పిల్లల్ని పెట్టింది, తరమడానికి సంతకాలు కావాలి. డైరెక్టరు గారు కాళ్లకి జోళ్లు లేకుండా ఆ నిశ్శబ్దంలో తిరుగుతూ చాలా ఆనందంగా కనిపించేవారు. ఆయన్ని అంత సంతోషంగా నేను ముందెన్నడూ చూడలేదు. ఆ మాట నిజాయితీగా చెప్పాలి.

అప్పుడు సువర్చల గారికి ఒక సంగతి తట్టింది. పని చెయ్యడానికి అరవై ఐదు సంతకాలు కావాలి, నిజమే. పని చేస్తున్నవాళ్లని ఆపడానికీ అన్నే కావాలి. ఆవిడ గౌరునాయుడి దగ్గరికి వెళ్లి, పొయ్యి లేకుండా గాజు చల్లారే దారి ఏదైనా ఉందా అని అడిగారు. అతను ఆలోచించి, రోడ్డుకి అవతల జీడిపిక్కలు కాల్చే బట్టీ ఉందని, ఆ వేడి ఇసకలో పాతిపెడితే మూడు రోజులకి చల్లారొచ్చని అన్నాడు. తను పనిలో చేరిన కొత్తలో పొయ్యి రాకముందు అలాగే చేసేవారట.

ఇసక నింపడానికి ఇనప డ్రమ్ము ఒకటి దొర్లించుకుంటూ వాళ్లిద్దరూ నా కిటికీ ముందునుంచే వెళ్లారు. నాకు కనిపించింది. గాజు గదిలో మంట వెలిగిన చప్పుడూ వినిపించింది. వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. గౌరునాయుడు ఊదుతున్నాడు. నాలుగు క్షణాలు ఊది, రబ్బరు గొట్టం నోట్లోంచి తీసి, బల్ల పట్టుకుని ఊపిరి కోసం ఆగుతున్నాడు. మళ్లీ ఊదుతున్నాడు. అతను ఆగినప్పుడల్లా గాజు చల్లబడకుండా సువర్చల గారు మంట మీద దాన్ని తిప్పుతూ పట్టుకుంటున్నారు. మానేద్దాం నాయుడూ, నీకన్నా ఎక్కువా ఇది అని ఆవిడ రెండుసార్లు అనడం విన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. మొదట ఊదిన గొట్టం ఇసకలో పగిలిపోయింది. వారం ఆగి రెండోది మొదలుపెట్టారు.

ఒంటరి డోలకం పని చేస్తోందని రిపోర్టు చెయ్యడం నా బాధ్యత. రాశాను కూడా. రిపోర్టు ఫిర్యాదు కిందికి రాదు గానీ, నా జంట కూడా సంతకం చేస్తేనే అది డైరెక్టరు గారి దాకా వెళ్తుంది కాబట్టి ఫిలోమినా గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ చదివి, అక్షరదోషం ఒకటి దిద్ది, కాగితాన్ని నిలువుగా మడిచి, ఊగుతున్న తన కుర్చీ కాలు కింద పెట్టారు.

"ఇప్పుడు కదలడం లేదు, చూశారా," అన్నారు.

నేను చూశాను. నిజంగానే కదలడం లేదు.

రెండో ప్రయత్నంలో గొట్టం నిలిచింది. సెప్టెంబరు ఇరవై ఆరున ల్యాబులో మూడు గొట్టాలూ కలిపారు. నన్నూ ఫిలోమినా గారినీ పిలిచారు. ముందు మూడు టక్కులు, వాన మొదలైనప్పుడు రేకుల మీద చినుకుల్లాగా, దేని దారి దానిది. సువర్చల గారు నాబ్ కొంచెమే తిప్పారు. రెండు కలిశాయి, మూడోది విడిగా తిరిగింది. ఇంకాస్త తిప్పారు. అది ఒకసారి కలిసి, జారిపోయి, మళ్లీ కలిసింది. ఆవిడ నోట్‌బుక్కులో వేగంగా రాసుకుంటున్నారు, చెంపల మీద నీళ్లు తుడుచుకోవడం కూడా లేదు. గౌరునాయుడు స్టూలు మీద కూర్చుని గోడకి తల ఆనించి విన్నాడు. మూడోది నాదే కదమ్మా, అది కొంచెం పెంకిది అన్నాడు.

ఇరవై తొమ్మిదిన తనిఖీ సంఘం మళ్లీ వచ్చింది. పెండింగు ఫిర్యాదులు సున్నా, అంతర్గత వివాదాలు సున్నా, ఆలస్యపు హాజరు సున్నా. వరండాలో అడుగుల చప్పుడు కూడా లేదు. సంఘం వారు గుసగుసగా మాట్లాడుకున్నారు. "పరిపాలనా సామరస్యమునకు ఉత్తమ నమూనా" అని ప్రశంసాపత్రం ఇచ్చి, అదే పద్ధతి మిగతా కేంద్రాల్లోనూ అమలుచేయాలని సిఫారసు చేశారు. పత్రానికి ఫ్రేము కట్టించాలంటే అరవై ఐదు సంతకాలు కావాలి. డైరెక్టరు గారే స్వయంగా గోడకి జిగురుతో అంటించారు.

మర్నాడు, అంటే సెప్టెంబరు ముప్పైన, సాయంత్రం నాలుగింటికి గౌరునాయుడు నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు. రిలీవింగ్ ఆర్డరు కోసం. అది లేకపోతే అతను లెక్కప్రకారం సర్వీసులోనే ఉంటాడు, పెన్షను కాగితాలు కదలవు, రేపు మళ్లీ తొమ్మిదిన్నరకి గేటులోంచి తోసుకుంటూ రావాలి. ఆర్డరు మీద అరవై ఐదు సంతకాలు కావాలి. ఆ వేళకి హాజరైనవాళ్లు నలభై ఎనిమిది మంది. అతనికి ఆ విషయం చెప్పాను.

"మరి రేపు రమ్మంటారేటండీ?" అన్నాడు. ఆ ఒక్క మాటకి మధ్యలో రెండుసార్లు ఆగాడు.

పాత నిబంధనల ప్రకారం ఆ ఆర్డరుకి కావలసింది ఒకే ఒక్క సంతకం, సూపరింటెండెంటుది. అలాంటివి నా చేత్తో యాభై దాకా చేసి ఉంటాను, ఒక్కదానికీ ముందు చుట్టూ చూసుకోలేదు. ఈసారి చూసుకున్నాను. సొరుగులోంచి పాత ఫారం తీశాను, అతని పేరు రాశాను, ఒక్కడినే సంతకం పెట్టాను. ఫిలోమినా గారు స్టోర్సులోంచి ఆఫీసు ముద్ర తెచ్చి నా ముందు పెట్టి వెళ్లిపోయారు. ఆర్డరు కాపీ ఒకటి అతనికిచ్చి, ఇంకొకటి ఆ సాయంత్రమే నేనే పోస్టాఫీసుకి వెళ్లి పెన్షను ఆఫీసుకి రిజిస్టరు చేశాను. సువర్చల గారు అతన్ని తన స్కూటరు మీద నెల్లిమర్లలో ఇంటిదాకా దింపి వచ్చారు. వీడ్కోలు సభ జరగలేదు, దానికీ సంతకాలు కావాలి.

డైరెక్టరు గారికి వారం తరవాత తెలిసింది. ఆయన కోపగించుకోలేదు. నొచ్చుకున్నారు.

"భానోజీ, మీరు కూడానా? కేంద్రం చరిత్రలోనే ఇంత దశాభేదం లేదు," అన్నారు. నా మీద చార్జి మెమో జారీ చెయ్యాలని నిర్ణయించి, డ్రాఫ్టు చెయ్యమని నాకే చెప్పారు. మెమోలు రాయడం ఇంకెవరికీ రాదు. ఐదు పేరాలు రాశాను. బాగా వచ్చిందని ఆయనే మెచ్చుకున్నారు.

మెమో జారీ కావాలంటే జాబితాలోని అరవై ఐదుగురూ ఒకేసారి సంతకం చెయ్యాలి. జాబితాలో గౌరునాయుడి పేరు ఉంది. ఆ పేరు తీసెయ్యాలంటే జాబితాలోని అరవై ఐదుగురూ సంతకం చెయ్యాలి. పదకొండో సర్క్యులర్ రద్దు చేద్దామంటే ప్రశంసాపత్రం దాన్ని చూసి ఇచ్చిందే, పైగా జిగురు గట్టిది. డైరెక్టరు గారు రోజూ ఉదయం ఆ మెమో ఎంతవరకు వచ్చిందని అడుగుతారు. సంసిద్ధత కోసం చూస్తున్నామని చెబుతాను.

మొన్న ఆదివారం నెల్లిమర్ల వెళ్లాను. గౌరునాయుడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లు కొంచెం తేరుకుంది, ఊదడం మానేశాక రాత్రిళ్లు నిద్ర పడుతోందట. సువర్చల గారి పత్రం అచ్చుకి తీసుకున్నారని, అందులో తన పేరు కూడా వేశారని చెప్పాడు. నా సంగతులు అడిగితే మెమో గురించి చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు.

"అయితే దానికి నా సంతకం కావాలన్నమాట," అన్నాడు.

"కావాలి."

అతను అరుగు మీద ఇంకాస్త వెనక్కి జరిగి కూర్చున్నాడు.

"ఊపిరి చాలదులెండి," అని నా కోసం లోపలివాళ్లకి మజ్జిగ పురమాయించాడు.